బ్రాకియోపాడ్ శిలాజాన్ని గుర్తుపట్టడం ఎలా: చిప్ప దొరికిన చోటు నుంచి క్రమం పేరు దాకా

సున్నపురాయి పలక మీద గీతలు గీతలుగా ఉన్న చిన్న చిప్ప కనిపిస్తే చాలామంది ‘ఏదో ఆల్చిప్ప’ అనేసి వదిలేస్తారు. ఆ రాయి పేలియోజోయిక్ యుగానిదైతే, అంటే 25 కోట్ల ఏళ్ళకంటే పాతదైతే, అది ఆల్చిప్ప కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అప్పటి సముద్రాల అడుగున రెండు చిప్పల జీవి అంటే ముందుగా బ్రాకియోపాడే. ఇప్పుడు బతికున్న బ్రాకియోపాడ్ జాతులు సుమారు 400. శిలాజాలుగా వర్ణించినవి 12,000 దాటాయి. అందుకే ఈ వర్గాన్ని తెలుసుకోవాలంటే సముద్రంకన్నా రాళ్ళ దగ్గరికే ఎక్కువగా వెళ్ళాలి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు సాధారణంగా పుస్తకంలో బొమ్మలు తిరగేసి, చేతిలోని చిప్పకు పోలిక వెతుకుతారు. బ్రాకియోపాడ్‌ల విషయంలో ఈ పద్ధతి తరచూ దెబ్బతీస్తుంది. ఏమాత్రం దగ్గరి చుట్టరికం లేని రెండు క్రమాలవి (క్రమం అంటే వర్గీకరణలో ‘ఆర్డర్’, కుటుంబానికి పై మెట్టు) కూడా బయటికి అచ్చం ఒకేలా కనిపించగలవు. నేను చెప్పే వరుస వేరు. ముందు సౌష్ఠవం, తర్వాత చిప్ప పదార్థం, తర్వాత కీలు, ఆపైన లోపలి అమరిక చూడాలి. పోలికలు వెతకడం అన్నిటికన్నా ఆఖరున.

మొదటి మెట్టు: రాయి నుంచి తీసేముందు

చిప్పను ఊడదీయకముందే ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. ఎక్కడ దొరికింది, ఏ పొరలో దొరికింది, ఆ పొర సున్నపురాయా, షేలా, ఇసుకరాయా అన్నది అక్కడికక్కడే రాసుకోండి. ఇంటికెళ్ళాక రాద్దాం అనుకుంటే సగం మరిచిపోతాం. పొర తెలియని శిలాజం వయసు చెప్పడం చాలా కష్టం. వయసు తెలియకపోతే పేరు పెట్టడంలోనూ సగం ఆధారం పోయినట్టే. రక్షిత ప్రాంతమైతే అనుమతి లేకుండా ముట్టుకోవద్దు, ఫొటోతో సరిపెట్టుకోండి.

ఇంకో విషయం కూడా గమనించండి: చిప్పలు జంటగా మూసుకుని ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా? దీని అవసరం వెంటనే వస్తుంది.

రెండో మెట్టు: ఇది బ్రాకియోపాడేనా?

చిప్పను ముక్కు, అంటే కీలు దగ్గర కొనదేలి ఉండే భాగం, పైకి వచ్చేలా పట్టుకుని ఎదురుగా చూడండి. ముక్కు కొన నుంచి కింది అంచు మధ్య దాకా ఒక నిలువు గీత ఊహించుకోండి. ఆ గీతకు ఎడమ సగం, కుడి సగం అద్దంలో ప్రతిబింబంలా సరిపోతే అది బ్రాకియోపాడ్ అయ్యే అవకాశం బాగా ఉంది. ఇప్పుడు పక్కనుంచి చూడండి. రెండు చిప్పలూ ఒకేలా ఉండవు, సాధారణంగా ఒకటి పెద్దది, దాని ముక్కు రెండోదాని మీదికి వంగి ఉంటుంది.

ఆల్చిప్పల్లో (స్కాలప్, ఆయిస్టర్ లాంటి ‘బైవాల్వ్’ జీవులన్నిటినీ ఇక్కడ ఆల్చిప్పలనే అంటున్నాను) దీనికి తిరగబడి ఉంటుంది. వాటి రెండు చిప్పలూ ఒకదానికొకటి ప్రతిబింబాలు, కానీ ఏ ఒక్క చిప్పను తీసుకున్నా దానికి సౌష్ఠవం ఉండదు, ముక్కు ఒక పక్కకు వాలి ఉంటుంది. కారణం శరీరం అమరికలోనే ఉంది. ఆల్చిప్ప జీవికి చిప్పలు కుడి, ఎడమ పక్కల ఉంటాయి. బ్రాకియోపాడ్‌కు ఒకటి వీపు వైపు, ఒకటి పొట్ట వైపు.

ఈ పరీక్షకు మినహాయింపులున్నాయి. స్కాలప్ చిప్పలు దాదాపు సౌష్ఠవంగానే కనిపిస్తాయి, కానీ ముక్కుకు రెండు పక్కలా ఉండే ‘చెవులు’ సాధారణంగా సమానంగా ఉండవు. ఆయిస్టర్లలో రెండు చిప్పలూ వేరువేరుగా ఉంటాయి కాబట్టి మొదట తికమక కలుగుతుంది, అయితే వాటిలో నడిమి గీత సౌష్ఠవం దొరకదు. రాతి పొరలు నొక్కుకుపోయిన చోట నిజమైన బ్రాకియోపాడ్ కూడా వంకరపోతుంది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో డెలబోల్ పలకరాళ్ళలో దొరికే డెవోనియన్ (పేలియోజోయిక్ యుగంలోని కాలాలు వరుసగా కేంబ్రియన్, ఆర్డోవీషియన్, సైలూరియన్, డెవోనియన్, కార్బోనిఫెరస్, పర్మియన్) చిప్పలు అలా సాగిపోయి రెక్కలు చాచినట్టుంటాయి. వాటిని అక్కడివాళ్ళు ‘డెలబోల్ సీతాకోకచిలుకలు’ అంటారు. కాబట్టి ఒకే చిప్పను చూసి తీర్పు చెప్పకుండా అదే పొరలోంచి నాలుగైదు చూడండి. అన్నీ ఒకే దిశలో వంకరగా ఉంటే తప్పు రాయిది, జీవిది కాదు.

ఇక ముందు రాసుకున్న గమనిక. ఆల్చిప్ప కీలు దగ్గర సాగే బంధనం ఒకటి ఉంటుంది, అది చిప్పలను ఎప్పుడూ తెరవాలనే చూస్తుంది, కండరాలు లాగి మూస్తాయి. జీవి చచ్చిపోగానే కండరం వదులై చిప్పలు తెరుచుకుంటాయి, తర్వాత విడిపోతాయి. బ్రాకియోపాడ్‌లో మూయడానికీ కండరాలే, తెరవడానికీ కండరాలే. చచ్చాక తెరిచే శక్తి ఏదీ ఉండదు, పైగా కీలు పళ్ళు గట్టిగా పట్టుకుని ఉంటాయి. అందుకే బ్రాకియోపాడ్‌లు చాలాసార్లు జంట చిప్పలతోనే శిలాజాలవుతాయి. ఒక పొర నిండా మూసుకున్న చిప్పలే కనిపిస్తే అది బలమైన సూచన. ఒంటరి చిప్పలు కనిపిస్తే మాత్రం బ్రాకియోపాడ్ కాదని తేల్చేయకండి, అలల తాకిడికి ఇవి కూడా విడిపోతాయి.

మూడో మెట్టు: ఏ చిప్ప ఏదో తేల్చుకోవడం

వర్ణనలన్నీ రెండు చిప్పల పేర్లతోనే నడుస్తాయి కాబట్టి ఇది ముందే స్థిరపడాలి. బ్రాకియోపాడ్‌లలో చాలావాటికి కండగల కాడ ఒకటి ఉంటుంది, దాంతో రాయికో ఇంకో చిప్పకో అంటిపెట్టుకుంటాయి. ఆ కాడ బయటికొచ్చే రంధ్రం ఎక్కువగా పెద్ద చిప్ప ముక్కు దగ్గరుంటుంది. అది పొట్టవైపు చిప్ప, ‘కాడ చిప్ప’ అందాం. కాడ బయటికొచ్చే రంధ్రంతో ఇది పాతకాలపు నూనె దీపంలా కనిపిస్తుంది, ఇంగ్లిష్‌లో వీటిని ‘ల్యాంప్ షెల్స్’ అనడానికి కారణం ఇదే. రెండోది వీపువైపు చిప్ప. తిండిని వడగట్టే లోఫోఫోర్ దీనికి ఆనుకుని ఉంటుంది కాబట్టి దీన్ని ‘చేతుల చిప్ప’ అనుకోవచ్చు. లోఫోఫోర్ అంటే సన్నటి పోగులు వరుసగా ఉన్న అవయవం. దాన్ని చూసి పాతకాలం శాస్త్రవేత్తలు చేతులనుకున్నారు, బ్రాకియోపాడ్ అనే పేరు గ్రీకులో చెయ్యి, పాదం అనే రెండు మాటల కలయిక.

నడిమి గీత వెంట ఒక చిప్ప మీద గట్టు, రెండో చిప్ప మీద దానికి సరిపోయే పల్లం ఉంటే, సాధారణంగా పల్లం కాడ చిప్ప మీద, గట్టు చేతుల చిప్ప మీద ఉంటాయి. రంధ్రం మూసుకుపోయిన నమూనాల్లో ఇది బాగా పనికొస్తుంది.

నాలుగో మెట్టు: మూడు ఉపవర్గాల్లో ఏది?

పాత పుస్తకాల్లో బ్రాకియోపాడ్‌లు రెండే రకాలు: కీలు పళ్ళున్నవి, లేనివి. 1869లో థామస్ హెన్రీ హక్స్‌లీ పెట్టిన విభజన ఇది. వందేళ్ళకు పైగా నడిచింది, ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. అయితే పళ్ళు లేనివన్నీ ఒక కుటుంబమని చెప్పడానికి అవి లేకపోవడం తప్ప వేరే ఆధారం పెద్దగా లేదు. 1996లో ఆల్విన్ విలియమ్స్, శాండ్రా కార్ల్‌సన్, లార్స్ హోల్మర్ తదితరులు చిప్ప పదార్థాన్నీ శరీర నిర్మాణాన్నీ కలిపి చూసి మూడు ఉపవర్గాలను ప్రతిపాదించారు. ఇప్పుడు వాడుకలో ఉన్నది అదే.

మొదటిది లింగులిఫార్మియా. వీటి చిప్ప కాల్షియం ఫాస్ఫేట్‌తో, అంటే మన ఎముకల్లో ఉండేలాంటి పదార్థంతో తయారవుతుంది. శిలాజంగా నల్లగా, ముదురు గోధుమరంగులో, గోరులా మెరుస్తూ కనిపిస్తుంది. కీలు పళ్ళు ఉండవు. నాలుక ఆకారంలో ఉండే లింగులా ఈ ఉపవర్గానిదే, ఇప్పటికీ ఇసుకలో బొరియలు చేసుకుని బతుకుతోంది. ఎస్టోనియాలో కేంబ్రియన్, ఆర్డోవీషియన్ సరిహద్దు ఇసుకరాళ్ళలో ఇలాంటి చిప్పలు ఎంత దట్టంగా ఉన్నాయంటే, వాటిని ఫాస్ఫేట్ ఎరువు కోసం గనుల్లోంచి తవ్వి తీశారు.

రెండోది క్రేనిఫార్మియా. వీటికీ పళ్ళుండవు, కానీ చిప్ప కాల్సైట్‌ది, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజానిది. కాడ ఉండదు, కాడ చిప్పే నేరుగా రాయికి అతుక్కుని పెరుగుతుంది. చిప్ప లోపలి కండరాల గుర్తులు పుర్రె ముఖంలా ఉంటాయి, క్రేనియా అనే పేరు అందుకే.

మూడోది రింకోనెల్లిఫార్మియా. కాల్సైట్ చిప్ప ఉంటుంది. దాదాపు అన్నిటిలో కాడ చిప్పకు రెండు పళ్ళు, చేతుల చిప్పకు వాటికి సరిపోయే రెండు గుంతలు ఉంటాయి. మీ చేతికి దొరికే వాటిలో అత్యధికం ఇవే. ఇందులో బతికున్న వాటికి పేగు ఒక చివర మూసుకుపోయి ఉంటుంది, మలద్వారం ఉండదు. మొదటి రెండు ఉపవర్గాల్లో ఉంటుంది.

పదార్థం తెలుసుకోవడానికి పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక చుక్క వేస్తే కాల్సైట్ బుసబుస పొంగుతుంది, ఫాస్ఫేట్ అలా పొంగదు. ఈ పరీక్షను మంచి నమూనా మీద ఎప్పుడూ చేయకండి, విరిగిన ముక్క మీదే చేయండి. చుట్టూ ఉన్న సున్నపురాయి పొంగితే అది చిప్ప పొంగడమనుకోకండి. సిలికాగా మారిపోయిన చిప్ప అసలు కాల్సైట్‌దే అయినా పొంగదు. చిప్ప కరిగిపోయి ముద్ర మాత్రమే మిగిలితే ఈ పరీక్షకు అర్థమే లేదు. కళ్ళద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

ఐదో మెట్టు: కీలు, పైరూపం, చిప్ప గోడ

అసలు పని ఇక్కడే. తొందరపడకుండా, పదిరెట్లు పెద్దగా చూపించే లెన్స్‌తో చూడండి.

కీలు గీత తిన్నగా, వెడల్పుగా ఉందా, వంపు తిరిగి చిన్నగా ఉందా అన్నది మొదట చూడండి. తిన్నగా వెడల్పుగా ఉండి, రెండు చిప్పలూ ఉబ్బెత్తుగా, సన్నటి గట్లతో ఉంటే ఆర్థిడా క్రమం గుర్తుకు రావాలి. అదే తిన్నటి కీలు ఉండి, ఒక చిప్ప ఉబ్బెత్తుగా, రెండోది లోపలికి పుటంలా ఉండి, మొత్తం చిప్ప పలచగా ఉంటే స్ట్రోఫోమెనిడా. ఇవి పెద్దయ్యాక చాలావరకు కాడ వదిలేసి బురద మీద ఊరికే పడి ఉండేవి.

పుటం ఆకారానికి తోడు ముళ్ళు, లేదా ముళ్ళు ఊడిన గుండ్రటి మచ్చలు కనిపిస్తే ప్రొడక్టిడా. మెత్తటి బురదలో కూరుకుపోకుండా ముళ్ళు ఊతకర్రల్లా పట్టుకునేవి. తెలిసిన బ్రాకియోపాడ్‌లన్నిటిలో పెద్దది ఈ క్రమంలోదే: కార్బోనిఫెరస్ కాలపు జైగాంటోప్రొడక్టస్, 30 సెంటీమీటర్లకు మించి వెడల్పు. రిచ్‌తోఫెనియా (ఇదీ ఈ క్రమానిదే) బంధువులైతే ఒక చిప్ప శంకువులా, రెండోది దానికి మూతలా మారి, చూడ్డానికి పగడాల్లా ఉంటాయి. రెండో మెట్టులో చెప్పిన సౌష్ఠవం పరీక్ష అక్కడ పనిచేయదు.

కీలు చాలా వెడల్పుగా రెక్కల్లా సాగి, నడుమ గట్టు, పల్లం స్పష్టంగా ఉంటే స్పిరిఫెరిడా. చైనాలో వీటిని ‘షియెన్’ అంటారు, అంటే రాతి స్వాలో పిట్ట. అక్కడి సంప్రదాయ వైద్యంలో వీటిని మందుగా వాడారు. కీలు చిన్నదై, ముక్కు సూదిగా, గట్లు బలంగా, రెండు చిప్పలు కలిసే అంచు రంపపు పళ్ళలా వంకరటింకరగా ఉంటే రింకోనెల్లిడా. నున్నగా, కన్నీటి బొట్టు ఆకారంలో, ముక్కు కొనలో గుండ్రటి రంధ్రంతో ఉంటే టెరిబ్రాటులిడా.

చిప్ప గోడ ఇంకో సాక్షి. టెరిబ్రాటులిడా చిప్పను లెన్స్‌తో చూస్తే సూదితో గుచ్చినట్టు సన్న రంధ్రాలు కనిపిస్తాయి, బతికుండగా వాటిలో మెత్తటి కణజాలం ఉంటుంది. రింకోనెల్లిడాలో దాదాపు ఎక్కడా ఇవి ఉండవు. నున్నటి రింకోనెల్లిడాకూ టెరిబ్రాటులిడాకూ తేడా తెలియనప్పుడు ఈ ఒక్క గుర్తు నిలబెడుతుంది. స్ట్రోఫోమెనిడా, ప్రొడక్టిడాలలో కనిపించే చుక్కలు వేరు. అవి రంధ్రాలు కావు, గోడలో నాటుకున్న సన్నటి కాల్సైట్ కడ్డీలు. వాతావరణానికి అవి రాలిపోతే గుంటలై మోసం చేస్తాయి. ఆర్థిడాలో రంధ్రాలున్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి.

ఆరో మెట్టు: లోపలికి చూడడం

ఉత్తర అమెరికా ఆర్డోవీషియన్ రాళ్ళలో ప్లాటిస్ట్రోఫియా అనే చిప్ప విరివిగా దొరుకుతుంది. వెడల్పు కీలు, బలమైన గట్లు, నడుమ లోతైన పల్లం ఉంటాయి. ఐదో మెట్టు చదివిన ఎవరైనా దాన్ని స్పిరిఫెరిడా అంటారు. నిజానికది ఆర్థిడా. ఒకే రకం బతుకు ఒకే రకం ఆకారాన్ని మళ్ళీ మళ్ళీ పుట్టించింది.

నిజం లోపలుంటుంది. లోఫోఫోర్‌ను మోసే సున్నపు ఊత ఒక్కో క్రమంలో ఒక్కోలా ఉంటుంది. స్పిరిఫెరిడాలో స్ప్రింగులా చుట్టలు తిరిగిన రెండు శంకువులు ఉంటాయి, వాటి కొనలు రెండు పక్కలకు తిరిగి ఉంటాయి. అట్రిపిడాలోనూ చుట్టలే, కానీ కొనలు చేతుల చిప్ప వైపు తిరుగుతాయి. టెరిబ్రాటులిడాలో రిబ్బను ఉచ్చులా వంగి వెనక్కి వస్తుంది. రింకోనెల్లిడాలో రెండు పొట్టి కొమ్ములు మాత్రమే ఉంటాయి. పెంటమెరిడాలో కాడ చిప్ప లోపల చెంచాలాంటి పళ్ళెం ఉండి కండరాలను మోస్తుంది. ప్లాటిస్ట్రోఫియాలో ఏ చుట్టలూ లేవు, దాని సంగతి అలా తేలింది.

లోపల చూసే దారులు మూడు. విరిగిన, అరిగిన చిప్పలు దొరికితే అదృష్టం, వాటిని పారేయకండి. అందమైన నమూనా కన్నా అవే ఎక్కువ చెబుతాయి. రెండోది, ముక్కు వైపు నుంచి కొద్ది కొద్దిగా, కొలిచిన దూరాల్లో అరగదీస్తూ ప్రతి కోతనూ ఫొటో తీయడం. అరిగిన నమూనా తిరిగిరాదు, కాబట్టి ముందే అన్ని వైపులా ఫొటోలు, వీలైతే అచ్చు తీసి ఉంచుకోవాలి. రాయిని కోయకుండా మైక్రో సీటీ స్కాన్ చేసే వీలుంటే మంచిదే, అయితే లోపల నిండిన రాయికీ చిప్పకూ సాంద్రతలో తేడా లేకపోతే బొమ్మ సరిగా రాదు. మూడోది యాసిడ్‌లో కరిగించడం, చిప్పలు సిలికాగా మారిన సున్నపురాయికే ఇది పనికొస్తుంది. అమెరికాలో పశ్చిమ టెక్సాస్‌లోని గ్లాస్ మౌంటెన్స్ నుంచి స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన జి. ఆర్థర్ కూపర్, రిచర్డ్ గ్రాంట్ టన్నుల కొద్దీ రాయి తెచ్చి ఇలాగే కరిగించారు. పర్మియన్ చిప్పలు సన్నటి ముళ్ళతో సహా చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. 1970లలో వాళ్ళు ప్రచురించిన ఆ పని ఫొటోలను చూస్తే ముళ్ళ గురించి ఎంత చదివినా రాని అవగాహన ఒక్కసారిగా వస్తుంది.

ఏడో మెట్టు: కాలంలో పెట్టి చూడడం

మీరు అనుకున్న క్రమం ఆ పొర కాలంలో బతికే ఉందా? ఈ ప్రశ్న చాలా తప్పుల్ని ఆపుతుంది. అందుకు వర్గం చరిత్ర కొంత తెలిసి ఉండాలి.

కేంబ్రియన్ తొలి భాగంలోనే, 52 కోట్ల ఏళ్ళ కిందటికే బ్రాకియోపాడ్‌లు ఉన్నాయి. వాటికి కాస్త ముందు నుంచీ దొరికే టోమోటిడ్‌లు అనే చిన్న ఫాస్ఫేట్ పలకల జీవులు ఈ వర్గం మూలాల దగ్గరివని ఇప్పుడు బలంగా అనుకుంటున్నారు. ఒంటి నిండా పలకలున్న గొట్టంలాంటి జీవి నుంచి రెండు చిప్పల జీవి ఎలా వచ్చిందన్నది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే భాగం. చైనాలోని చెంగ్‌జియాంగ్‌లో సుమారు 51.8 కోట్ల ఏళ్ళనాటి పొరల్లో మెత్తటి కాడతో సహా లింగులా బంధువులు దొరికాయి. కేంబ్రియన్‌లో ఫాస్ఫేట్ చిప్పలవే ఎక్కువ.

ఆర్డోవీషియన్‌లో, అంటే సుమారు 48.5 కోట్ల ఏళ్ళ కిందట మొదలైన కాలంలో, కీలు పళ్ళున్నవి విజృంభించాయి. ఆర్థిడా, స్ట్రోఫోమెనిడా సముద్రపు అడుగును కప్పేశాయి, రింకోనెల్లిడా పుట్టింది. ఆ కాలం చివర మంచుయుగం వచ్చి పెద్ద వినాశనం జరిగింది. అప్పటి చల్లని నీటిలో హిర్నాంటియా అనే బ్రాకియోపాడ్, దాని తోటి జాతులు ప్రపంచంలో చాలాచోట్ల ఒకేసారి కనిపిస్తాయి, అవి దొరికితే పొర వయసు దాదాపు తేలిపోయినట్టే. సైలూరియన్‌లో పెంటమెరిడా గుట్టలు గుట్టలుగా దొరుకుతుంది. డెవోనియన్ స్పిరిఫెరిడాకు మంచికాలం, టెరిబ్రాటులిడా మొదలైంది కూడా అప్పుడే. సుమారు 37.2 కోట్ల ఏళ్ళ కిందటి వినాశనంలో అట్రిపిడా, పెంటమెరిడా రెండూ అంతరించాయి. కాబట్టి కార్బోనిఫెరస్ రాయిలో అట్రిపిడా దొరికిందని అనిపిస్తే ఆగి మళ్ళీ చూడండి. కార్బోనిఫెరస్, పర్మియన్ కాలాలు ప్రొడక్టిడావి. ఇప్పటి పాకిస్తాన్‌లోని సాల్ట్ రేంజ్‌లో పర్మియన్ సున్నపురాయికి ‘ప్రొడక్టస్ లైమ్‌స్టోన్’ అనే పేరే ఉండేది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున విల్‌హెల్మ్ వాగెన్ 1880లలో ఆ శిలాజాలను వర్ణించాడు.

25.2 కోట్ల ఏళ్ళ కిందట పర్మియన్ ముగింపులో ఈ వర్గం వెన్ను విరిగింది. ఆర్థిడా పోయింది. ప్రొడక్టిడా దాదాపు మొత్తం పోయింది, ఒకటీ అరా మాత్రమే ట్రయాసిక్ మొదట్లో కాస్త కనిపించి అంతరించాయి. స్పిరిఫెర్‌ల బంధువులు కొన్ని జురాసిక్ తొలి భాగం దాకా లాక్కొచ్చి అక్కడ ఆగాయి. ఆల్చిప్పలు పోటీలో ఓడించి వీటిని తరిమేశాయని చాలాకాలం అనుకునేవారు. 1980లో స్టీఫెన్ జే గూల్డ్, బ్రాడ్‌ఫర్డ్ కాలోవే రెండు వర్గాల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి పెరిగినప్పుడల్లా ఇంకొకటి తగ్గిన దాఖలా కనిపించలేదు. పర్మియన్ దెబ్బ బ్రాకియోపాడ్‌లకు గట్టిగా, ఆల్చిప్పలకు తక్కువగా తగిలింది, ఆ తర్వాత దేని దారి దానిది. ఆ తర్వాత ఈ చర్చకు కొత్త ఆధారాలు చేరినా, నెమ్మదిగా ఓడిపోయాయనే పాత కథను ఇప్పుడు ఎవరైనా అలాగే చెబితే నేను ఒప్పుకోను.

ఈ రోజు మిగిలిన క్రమాలు ఐదు: లింగులిడా, క్రేనిడా, రింకోనెల్లిడా, టెరిబ్రాటులిడా, థెసిడీడా. జురాసిక్, క్రెటేషియస్ రాళ్ళలో దొరికే వాటిలో అత్యధికం రింకోనెల్లిడా, టెరిబ్రాటులిడాలవే. లింగులాను ‘50 కోట్ల ఏళ్ళుగా మారని జీవి’ అని రాయడం మాత్రం మానేయాలి. బయటి నాలుక ఆకారం పాతదే, కానీ పాత శిలాజాల లోపలి అమరిక వేరు, వాటిని ఇప్పటి లింగులా ప్రజాతిలో పెట్టడం సరికాదని తేలింది. 2015లో ప్రచురించిన లింగులా అనాటినా జన్యుపటం కూడా పరిణామం ఆగలేదనే చూపించింది.

ఎనిమిదో మెట్టు: పేరు రాయడం

మీ ఆధారం ఎక్కడ ఆగితే పేరూ అక్కడే ఆగాలి. క్రమం వరకే తేలితే క్రమం పేరు రాయండి. ప్రజాతి తేలి జాతి తేలకపోతే ప్రజాతి పేరు పక్కన ‘ఎస్‌పీ.’ అని పెట్టండి. ఫలానా జాతిలా ఉంది కానీ ఖాయం కాదనిపిస్తే రెండు పేర్ల మధ్య ‘సీఎఫ్.’ అని రాయడం ఆనవాయితీ. ప్రజాతి స్థాయిలో సరిచూసుకోవడానికి ‘ట్రీటైజ్ ఆన్ ఇన్‌వర్టిబ్రేట్ పేలియంటాలజీ’ హెచ్ భాగం (బ్రాకియోపాడ్‌ల భాగం) సవరించిన ముద్రణ ఆరు సంపుటాలుగా 1997 నుంచి 2007 వరకు వచ్చింది. 1965 నాటి పాత ముద్రణ చేతికొస్తే అందులోని బొమ్మలు వాడుకోండి, వర్గీకరణ మాత్రం కొత్తదాని నుంచే తీసుకోండి.

చీటీ మీద పేరుతో పాటు దొరికిన చోటు, పొర, తేదీ, ఏ చిప్ప అన్నది రాయండి. చివర్లో ఒక వరుస వదిలి, ఏ గుర్తును బట్టి ఆ పేరు పెట్టారో కూడా రాయండి: ‘చిప్ప గోడలో రంధ్రాలున్నాయి, ముక్కు కొనలో గుండ్రటి రంధ్రం ఉంది, లోపలి ఉచ్చు చూడలేదు’ అన్నట్టు. తర్వాత ఎవరైనా ఆ చిప్పను కోసి లోపల చూస్తే, మార్చాల్సింది ఏమిటో ఆ వరుస చదివితే తెలిసిపోతుంది.